116వ కీర్తనను మూడు గొంతులతో చదవడం ఎలా?

మా నెల్లూరు వైపు క్రైస్తవ ఇళ్లల్లో 116వ కీర్తన రెండు చోట్ల తరచూ కనబడుతుంది. కృతజ్ఞతా కూడికకు కార్డు కొట్టిస్తే పైన పన్నెండో వచనం వేయిస్తారు: "యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?" ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే వీధి మొగదల కట్టిన ఫ్లెక్సీలో, ఫొటో కింద, పదిహేనో వచనం ఉంటుంది: "యెహోవా భక్తుల మరణము ఆయన దృష్టికి విలువ గలది." ఒకటి బిర్యానీ వాసన వచ్చే ఇంటి వచనం. ఇంకొకటి షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో తలలు వంచుకుని కూర్చునే ఇంటి వచనం. రెండింటికీ నడుమ ఉన్నవి రెండే వచనాలు. ఇవి ఒకే పాటలో ఎందుకున్నాయో చాలా ఏళ్లు నాకు తోచనే లేదు.

తోచిన సందర్భం చెబుతాను. ఒక ఏడాది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానపు కార్డు (కొత్త ఏడాదికి దేవుని మాటగా ఇచ్చే వచనం) ఈ కీర్తనలోదే, ఏడో వచనం. "తిరిగి నీ విశ్రాంతిలో ప్రవేశింపుము" అని ఉంది. ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. ఆగస్టులో మా ఆయనకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పూటపూటకూ పడిపోతుంటే ఆస్పత్రి వరండాలో ఐదు రాత్రులు కూర్చున్నాను. విశ్రాంతి సంగతి దేవుడెరుగు, కునుకు కూడా లేదు. ఆ కార్డు గుర్తొస్తే ఒళ్లు మండింది. ఆయన కోలుకుని ఇంటికొచ్చాక బైబిలు తీసి కీర్తన మొత్తం చదివితే తెలిసింది, ఆ ఏడో వచనానికి ముందు ఆరు వచనాలున్నాయని. వాటిని ఎవరూ నా దగ్గర దాచలేదు. నేనే చదవలేదు.

అప్పటి నుంచి స్త్రీల కూడికలో ఈ కీర్తన చెప్పమన్నప్పుడల్లా ఒక వరసలో చదివిస్తున్నాను. మొదట పాట కట్టినవాడి గొంతు. తర్వాత ప్రభువు గొంతు. ఆఖరున మన గొంతు. మనం చేసే పొరపాటల్లా మూడోదానితో మొదలుపెట్టడం. అలా చేస్తే ఒక్క వచనం చేతికొస్తుంది, అది కష్టం రాగానే జారిపోతుంది. కొందరు రెండోదానితో మొదలుపెట్టి ప్రతి మాటలోనూ యేసును వెతుకుతారు. వాళ్ల భక్తిని తప్పుపట్టను గానీ, పాట కట్టినవాడు ఏడ్చిన ఏడుపు వాళ్లకు వినబడదు.

కావలసినవి పెద్దగా లేవు. పాత అనువాదం బైబిలు ఒకటి, రెఫరెన్సులున్నదైతే ఇంకా మేలు. ఒక నోటుబుక్కు, పెన్సిలు, గంటన్నర తీరిక. ఫోన్లో చదవొద్దని అనను, కానీ మూడో వచనం దగ్గరికి వచ్చేసరికి వాట్సాప్ మోగుతుంది. కీర్తనలు మొదట రాసిన హెబ్రీ భాష రావాల్సిన పని లేదు. అవసరమైన నాలుగైదు మాటలు ఇక్కడే ఇస్తున్నాను.

మొదటి అడుగు: ఎవరితో మాట్లాడుతున్నాడో చూడండి

పందొమ్మిది వచనాలు. నోటితో, ఆపకుండా, రెండుసార్లు చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని, ఆ మాట ఎవరితో అంటున్నాడో పక్కన రాయండి. మొదటి ఆరు వచనాలు మనతో. ఏడో వచనంలో ఉన్నట్టుండి తన ప్రాణంతోనే మాట్లాడుకుంటాడు. ఎనిమిదిలో దేవుని వైపు తిరిగి "నీవు తప్పించి యున్నావు" అంటాడు. మళ్లీ మనతో. పదహారు, పదిహేడు దేవునితో. చివర్లో యెరూషలేము పట్టణాన్నే పేరుపెట్టి పిలుస్తాడు.

ఇదేం గందరగోళం అనిపిస్తే ఈసారి కూడికలో సాక్ష్యం చెప్పే పెద్దావిడను గమనించండి. మనకు జరిగింది చెబుతూ చెబుతూ మధ్యలో కళ్లు మూసుకుని "స్తోత్రం తండ్రీ" అంటుంది, మళ్లీ మనవైపు తిరుగుతుంది. కష్టం గట్టెక్కినవాళ్ల మాట అలాగే ఉంటుంది.

నంబరు గురించి ఒక చిన్న సంగతి. మనవాళ్లు చదివింపులు నూట పదహార్లు ఇస్తారు కదా. "ఏమి చెల్లించుదును" అన్న కీర్తనకే ఆ నంబరు పడడం చూసి మా కూడికలో ఒకావిడ తెగ మురిసిపోయింది. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది గానీ అంతకుమించి ఏమీ లేదు. పాత గ్రీకు అనువాదంలో ఈ కీర్తనను తొమ్మిదో వచనం దగ్గర రెండుగా విడదీసి 114, 115 అని లెక్కపెట్టారు.

రెండో అడుగు: ఇది విందులో పాడిన పాట అని గుర్తుంచుకోండి

పదిహేడో వచనంలో "కృతజ్ఞతార్పణ" అన్న మాట కింద గీత గీయండి. హెబ్రీలో దానికి తోదా అంటారు. ఇప్పటికీ ఇశ్రాయేలులో థాంక్స్ అనడానికి ఇదే మాట. అయితే దీని ధాతువులో "ఒప్పుకోవడం" అన్న అర్థం కూడా ఉంది. యెహోషువ, దోపుడు సొమ్ము దాచుకున్న ఆకానును జరిగింది ఒప్పుకొమ్మని అడిగినప్పుడు (యెహోషువ 7:19) అక్కడున్నది కూడా తోదాయే. అంటే కృతజ్ఞత చెప్పడమంటే జరిగింది జరిగినట్టు నలుగురిలో ఒప్పుకోవడం.

ఇప్పుడు లేవీయకాండము 7వ అధ్యాయం, 11 నుంచి 15 వచనాలు తీయండి. దీన్ని దాటేయకండి. తోదా తెచ్చేవాడు జంతువుతోపాటు పులియని రొట్టెలు, నూనె రాసిన పలచని అప్పడాలు, వాటితో పులిసిన రొట్టె కూడా తేవాలి. ఆ మాంసం అర్పించిన రోజే తినేయాలి. తెల్లారేదాకా ఏమీ మిగల్చకూడదు. మా నెల్లూరు చేపల పులుసైతే మర్నాటికే అసలు రుచి అంటాం. ఇక్కడ ఆ పప్పు ఉడకదు. ఒక గొర్రెను కోసి ఒక్క కుటుంబం ఒక్క రోజులో తినగలదా? పదిమందిని పిలవక తప్పదు. పిలిచినవాళ్లు తింటూ "ఇంతకీ ఏం జరిగింది?" అని అడగక మానరు. అప్పుడు చెప్పే జవాబే ఈ కీర్తన. "ఆయన ప్రజలందరియెదుటనే" అని రెండుసార్లు ఎందుకన్నాడో ఇది చదివాక అర్థమవుతుంది.

ఈ రకం కీర్తనల్లో మామూలుగా నాలుగు ముక్కలుంటాయి: వచ్చిన కష్టం, పెట్టిన మొర, దొరికిన విడుదల, చెల్లించే మొక్కు. మీ నోటుబుక్కులో ఈ నాలుగూ రాసి, ఏ వచనం దేనికిందికి వస్తుందో వేయండి. మూడో వచనం కష్టం, నాలుగు మొర, ఆరు నుంచి ఎనిమిది విడుదల. ఇంతవరకూ తేలిక. పది, పదకొండు వచనాల దగ్గర మళ్లీ బాధలోకి వెళ్తాడు. విడుదలైపోయాక కూడా! బలవంతంగా ఏ గడిలోనూ పెట్టకండి. మా ఆయన ఇంటికొచ్చిన నెలకు కూడా, అర్ధరాత్రి ఆయన ఊపిరి వినబడుతోందా లేదా అని నేను లేచి చూసేదాన్ని.

మూడో అడుగు: తెలుగులో కనబడని జతలు పట్టుకోండి

మన అనువాదం అందమైనది, దాన్ని నేను వదులుకోను. కానీ హెబ్రీలో ఒకే మాట ఉన్నచోట తెలుగులో రెండు మాటలు పడితే జత విడిపోతుంది. ఈ కీర్తనలో అలాంటివి మూడు చూస్తే చాలు.

మొదటిది. నాలుగో వచనంలో "యెహోవా నామమునుబట్టి నేను మొఱ్ఱపెట్టితిని" అని ఉంది. పదమూడులోనూ పదిహేడులోనూ "యెహోవా నామమున ప్రార్థన చేసెదను" అని ఉంది. హెబ్రీలో ఈ మూడూ అక్షరం పొల్లు పోకుండా ఒకే మాటలు. మరణం మెడకు చుట్టుకున్నప్పుడు పెట్టిన కేకా, విందులో నిలబడి చేసిన ప్రార్థనా ఒకటే. వరండాలో గోడకు ఆనుకుని "ప్రభువా, ప్రభువా" అనడం తప్ప ఇంకేమీ రాలేదని, అది ప్రార్థనే కాదేమోనని నేను కుమిలిపోయాను. పాట కట్టినవాడు ఆ కేకనూ ప్రార్థననూ ఒకే మాటతో రాశాడు. వాటిని విడదీసింది నేనే.

రెండోది. ఏడో వచనంలో "క్షేమము విస్తరింపజేసియున్నాడు" అన్న క్రియా, పన్నెండులో "ఉపకారములు" అన్న మాటా ఒకే ధాతువు నుంచి వచ్చినవి, గామల్ అని. తన ప్రాణానికి చెప్పుకున్న మాటనే ఐదు వచనాల తర్వాత జనం ముందు లెక్కగా చెబుతున్నాడు.

మూడోది పదకొండో వచనంలో ఉంది. "నేను తొందరపడిన వాడనై ఏ మనుష్యుడును నమ్మదగినవాడు కాడనుకొంటిని." ఆ "తొందర" మామూలు తొందర కాదు, భయంతో కూడిన హడావుడి. నేటి మాటలో చెప్పాలంటే టెన్షన్. ఐగుప్తు నుంచి బయల్దేరే రాత్రి పస్కా భోజనాన్ని "త్వరపడుచు" తినమన్న చోట (నిర్గమ 12:11) కూడా ఇదే ధాతువు. టెన్షన్‌లో అన్న మాటను ఈయన దాచుకోలేదు, పాటలో పెట్టేశాడు. రక్తం ఇస్తానని చెప్పి ఫోన్ ఎత్తని ఒక బంధువు గురించి ఆ మూడో రాత్రి నేను అన్నవి ఇక్కడ రాయలేను. అతను తెల్లారి ఐదింటికి మొదటి బస్సుకే వచ్చి దిగాడు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందట.

నాలుగో అడుగు: పస్కా రాత్రి ప్రభువు నోట వినండి

ఇక్కడ తొందరపడకండి. ఈ అడుగు కోసమే మిగతావి.

మత్తయి 26:30 తీయండి. "అంతట వారు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లిరి." ఏ కీర్తనో సువార్తలో లేదు. కానీ యూదులు పస్కాకు 113 నుంచి 118 వరకు కీర్తనలు పాడతారు, దాన్ని హల్లేల్ అంటారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన, యూదు గురువుల బోధల సంకలనమైన మిష్నాలో ఆ విందు క్రమం ఉంది. హల్లేల్‌లో కొంత భోజనానికి ముందు, మిగిలింది భోజనమయ్యాక, ఆ విందులో తాగే నాలుగో ద్రాక్షారసపు గిన్నెతో. ముందు పాడేది 113తో ఆపాలా, 114తో ఆపాలా అని ఇద్దరు గురువుల శిష్యులు వాదించుకున్నారు. ఎవరి మాట నెగ్గినా 116 భోజనం తర్వాతే వస్తుంది. అందుకే మత్తయి చెప్పిన ఆ కీర్తన ఈ హల్లేల్ ముగింపేనని బైబిలు పండితులు చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే చదువుతాను.

ఇప్పుడు మూడో వచనాన్ని ఆ మేడగదిలో పెట్టి చదవండి. యూదా బయటికి వెళ్లిపోయాడు. శిష్యులకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. ఆయన పాడుతున్నాడు: "మరణబంధములు నన్ను చుట్టుకొని యుండెను... శ్రమయు దుఃఖమును నాకు కలిగెను." పాట కట్టినవాడు గడిచిపోయిన కష్టాన్ని తలుచుకుంటూ రాశాడు. ఈయన ఇంకో గంటలో రాబోయే దాన్ని పాడుతున్నాడు. గెత్సేమనే తోటకి వెళ్లగానే "నా ప్రాణము మరణమగునంతగా బహు దుఃఖములో మునిగియున్నది" అన్నాడు. పాట ఇంకా పెదాల మీదే ఉంది.

తర్వాత పదమూడో వచనం. "రక్షణపాత్రను చేత పుచ్చుకొని." దీన్ని మత్తయి 26:27తో కలిపి చదవండి: "ఆయన గిన్నె పట్టుకొని కృతజ్ఞతాస్తుతులు చెల్లించి." తెలుగులో ఒకచోట పాత్ర, ఇంకొకచోట గిన్నె. అందుకే నాకు ఎన్నడూ తట్టలేదు. గ్రీకు బైబిల్లో రెండు చోట్లా ఒకే మాట. కాసేపటికి తోటలో "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అన్నప్పుడు కూడా అదే మాట. కీర్తన పాడినవాడు ఎత్తింది రక్షణ గిన్నె. ప్రభువు తాగింది శ్రమ గిన్నె. ఆయన అది తాగాడు గనుకే మన చేతికి మొదటిది వచ్చింది. ఇంకొక్క మాట. "రక్షణ"కు ఇక్కడ వాడిన హెబ్రీ మాట యెషూవా, అదీ బహువచనంలో. యేసు అన్న పేరు కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. ఇది రహస్య సంకేతమని నేననను, కానీ ఆ గదిలో ఆ మాట పాడుతున్నప్పుడు ఆ పేరుగలవాడు అక్కడే కూర్చుని ఉన్నాడు.

ఎనిమిదో వచనం దగ్గర ఒక చిక్కు వస్తుంది. రావాలి కూడా. "మరణమునుండి నా ప్రాణమును... తప్పించి యున్నావు." పాట కట్టినవాడిని దేవుడు చావు గుమ్మం దగ్గరి నుంచి లాగేశాడు. యేసునైతే లాగలేదు. ఆయన చనిపోయాడు. మరి ఆయన నోట ఈ వచనం అబద్ధమైందా? దీనికి రెండు చోట్లు చూడండి. హెబ్రీయులకు 5:7లో ఆయన "మహా రోదనముతోను కన్నీళ్లతోను" మరణం నుంచి రక్షించగలవానికి ప్రార్థనలు చేశాడనీ, అంగీకరింపబడ్డాడనీ ఉంది. చావు, కన్నీళ్లు, మొర, దాన్ని ఆలకించినవాడు. మన కీర్తనలో ఉన్న సరుకంతా ఆ ఒక్క వచనంలో ఉంది. రెండోది అపొస్తలుల కార్యములు 2:24. పెంతెకొస్తు రోజున పేతురు, దేవుడు "మరణవేదనలు తొలగించి" ఆయనను లేపాడు అంటాడు. ఆ "మరణవేదనలు" అన్న గ్రీకు మాటలు పాత గ్రీకు బైబిల్లో ఈ కీర్తన మూడో వచనంలో ఉన్నవే, 18వ కీర్తనలోనూ ఉన్నాయి. హెబ్రీలో తాళ్లకూ నొప్పులకూ మాట దాదాపు ఒకటే. అందుకే మనకు "బంధములు" అని, వాళ్లకు "వేదనలు" అని వచ్చింది. పాట కట్టినవాడి మెడ నుంచి ఆ తాడు జారిపోయింది. యేసు మెడకు బిగిసింది, మూడో రోజున లోపలి నుంచి తెగింది.

పౌలు దీన్ని ఎలా చదివాడో చూస్తే ఈ అడుగు పూర్తవుతుంది. 2 కొరింథీయులకు 4:13లో "విశ్వసించితిని గనుక మాటలాడితిని" అని రాశాడు. అది మన పదో వచనమే, గ్రీకు అనువాదంలోది. తర్వాతి వచనంలో వెంటనే ప్రభువైన యేసును లేపినవాడు మనల్ని కూడా లేపుతాడంటాడు. ఆయన ఈ కీర్తనను ఖాళీ సమాధి వెలుగులో చదివాడు.

ఇంతవరకూ వచ్చాక చేయి ఆపడం కూడా తెలియాలి. పదహారో వచనంలో "నీ సేవకురాలి కుమారుడను" అనగానే కొందరు మరియమ్మను తెచ్చి పెడతారు. "ప్రభువు దాసురాలను" అని ఆమె అన్న మాట నిజమే, వినసొంపుగానూ ఉంటుంది. కానీ పాట కట్టినవాడి లెక్క వేరు. ఆ కాలంలో దాసి కడుపున పుట్టినవాడు యజమాని ఇంటివాడే. "నేను నిన్న మొన్న వచ్చిన కూలివాణ్ని కాదు, నీ ఇంట్లో పుట్టినవాణ్ని" అంటున్నాడు. అలాగే పదకొండో వచనంలోని టెన్షన్ మాటను ప్రభువు నోట పెట్టి సాగదీయకండి. శిష్యులంతా ఆయనను విడిచి పారిపోయిన మాట నిజం. ఆయన మాత్రం వాళ్లను ఆ మాట అనలేదు.

ఐదో అడుగు: ఇప్పుడు మీ గొంతు

ఇక్కడికి వచ్చాక ఆరో వచనం చదవండి. "యెహోవా సాధువులను కాపాడువాడు." సాధువులు అనగానే మనకు కాషాయం గుర్తొస్తుంది. హెబ్రీలో పెతాయిమ్. అంటే లోకం తెలియనివాళ్లు, ఎవరేం చెప్పినా నమ్మేసేవాళ్లు. సామెతల గ్రంథంలో వీళ్లను మందలిస్తారు. ఇక్కడేమో కాపాడతాడంటున్నాడు. ఐసీయూ బయట ఏ సంతకం ఎందుకు పెట్టిస్తున్నారో తెలియక పెట్టేసే మనలాంటివాళ్లు అన్నమాట. నాకైతే ఈ కీర్తన మొత్తంలో ఎక్కువ ధైర్యమిచ్చింది ఈ వచనమే.

పదో వచనాన్ని తెలుగులోనూ, పౌలు రాసినట్టూ రెండు రకాలుగా చదివి చూడండి. హెబ్రీలో నమ్మాను అన్న మాట ముందు వస్తుంది, మాట్లాడడం తర్వాత. రెండింటినీ కలిపే చిన్న మాటను "గనుక" అనీ, "అప్పుడు కూడా" అనీ అనుకోవచ్చు. "'నేను మిగుల బాధపడ్డాను' అని అంటున్నప్పుడు కూడా నమ్మాను" అని చదవడానికి చోటుంది. బాధ చెప్పుకుంటే అవిశ్వాసమని మనల్ని భయపెట్టేవాళ్లకు ఈ వచనం చూపించండి.

తర్వాత నోటుబుక్కులో ఇందాకటి నాలుగు ముక్కల పక్కన మీ నాలుగు వాక్యాలు రాయండి. ఒక్కోదానికి ఒక్క వాక్యమే. కష్టం రాసేటప్పుడు "ఎన్నో శ్రమలు" అని రాయకండి. నేను రాసింది: "గురువారం రాత్రి ప్లేట్‌లెట్లు పదిహేను వేలకు వచ్చాయి, మా ఆయన నన్ను గుర్తుపట్టలేదు." విడుదల దగ్గర బంధువు పేరూ, ఆ మొదటి బస్సూ రాశాను.

ఇక పదిహేనో వచనం. దీన్ని దాటవేసి చదివితే ఈ మార్గదర్శి అంతా వృథా. మా పక్క మంచంలో ఒక రైతు ఉండేవాడు, ఉదయగిరి వైపు మనిషి. ఆయన భార్య, నేను ఒకే ఫ్లాస్కులో టీ తాగేవాళ్లం. ఇద్దరమూ అదే పేరున మొరపెట్టాం. మా ఆయన లేచాడు, ఆమె భర్త లేవలేదు. నేను ఆమె ముందు ఈ కీర్తన ఎలా పాడను?

"విలువ గలది" అన్న మాట హెబ్రీలో యాకార్. ఖరీదైనది, బరువైనది అని. చావును దేవుడు ఇష్టపడతాడని కాదు. తన వాళ్ల చావు ఆయనకు చవకగా ఉండదని. 72వ కీర్తన 14లో బీదల ప్రాణం గురించి చెప్పేటప్పుడు ఇదే ధాతువు. అక్కడ రాజు వాళ్ల ప్రాణాన్ని అమూల్యంగా ఎంచి విడిపిస్తాడు. పాట కట్టినవాడు బతికి బయటపడ్డాడు గనుక, "నా చావును ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోలేదు" అంటున్నాడు. కానీ ఇదే వచనాన్ని రెండో గొంతుతో వినండి. ఈ మాట పాడి, లేచి, చావడానికి నడిచి వెళ్లాడు ఒకాయన. కాబట్టి ఇది బతికినవాళ్లు మాత్రమే పాడే పాట కాదు. ఆమె కూడా పాడొచ్చు. పాడమని ఆమెకు నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఏడాది తర్వాత ఒకసారి ఫోన్ చేసినప్పుడు, ఫ్లెక్సీ మీద ఆ వచనమే వేయించామని ఆమే చెప్పింది.

ఆరో అడుగు: నలుగురిలో చెప్పండి, భోజనం పెట్టండి

పద్నాలుగో వచనం, పద్దెనిమిది, పందొమ్మిది. "మ్రొక్కుబళ్లు చెల్లించెదను." మన వాడుకలో మొక్కుబడిగా చేశాడంటే మనసు పెట్టకుండా చేశాడని అర్థం. ఆ మాటకు అంత చెడ్డపేరు ఎలా వచ్చిందో గానీ, ఈ కీర్తనలో దానికి పూర్తిగా ఎదురు అర్థం. ఆపదలో ఇచ్చిన మాటను ఆపద పోయాక మరిచిపోకుండా తీర్చడం.

పన్నెండు, పదమూడు వచనాలను కలిపి ఒకసారి నోటితో చదవండి. "ఏమి చెల్లించుదును?" అని అడిగి, జవాబుగా "పుచ్చుకొని" అంటాడు. ఇవ్వడం గురించి అడిగితే తీసుకోవడంతో మొదలుపెట్టాడు. హెబ్రీలో ఆ క్రియకు "పైకెత్తుతాను" అని అర్థం. గిన్నె ముందే నిండి ఉంది, ఎత్తడమే మన పని. మీ సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, గిన్నె పంచుకునే ఆరాధన, ఏ ఆదివారమో, ఆ ఆదివారం ముందు రాత్రి ఈ రెండు వచనాలు చదువుకుని వెళ్లండి. గిన్నె మీ వరసలోకి వచ్చినప్పుడు పదమూడో వచనం దానంతటదే నోటికొస్తుంది.

సాక్ష్యం చెప్పడం గురించి నా అనుభవం ఒకటి. మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టినప్పుడు పావుగంట మాట్లాడాను. ఏ టెస్టుకు ఎంత, రూముకు రోజుకు ఎంత, అంతా చెప్పాను. కూర్చున్నాక మా అత్తమ్మ నా చెవిలో, "ఏందమ్మా, ప్రభువు ఏం చేశాడో చెప్పమంటే ఆస్పత్రి బిల్లు చదివావు!" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడు ఎవరు అడిగినా నాలుగు వాక్యాలే చెబుతాను, నోటుబుక్కులో రాసుకున్నవి. ఐదు నిమిషాలు చాలు. టెన్షన్‌లో అన్న మాట కూడా చెబుతాను, ఎందుకంటే కీర్తనలో అదీ ఉంది.

నలుగురిలో ఒప్పుకోవడం మా ప్రాంతానికి కొత్త కాదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వే కాంట్రాక్టు తీసుకుని, తిండి లేనివాళ్లకు కూలి పని చూపించాడు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మెతుకు దొరకని ఏళ్లు దాటివచ్చి, ఏటి ఒడ్డున అందరూ చూస్తుండగా ఆ నామాన్ని ఒప్పుకున్నవాళ్లు. హైవే మీద వెళ్తూ గుండ్లకమ్మ వంతెన దాటినప్పుడల్లా నాకు "ఆయన ప్రజలందరియెదుటనే" అన్న మాట గుర్తొస్తుంది.

హెబ్రీయులకు 13:15 కూడా ఇక్కడే చదివించండి. "ఆయనద్వారా" స్తుతియాగం అర్పిద్దామని, అదంటే "ఆయన నామమును ఒప్పుకొనుచు" అర్పించే జిహ్వాఫలమని ఉంది. తోదాలో ఉన్న రెండు అర్థాలూ అందులో ఉన్నాయి. జంతువు అక్కర్లేదు. భోజనం మాత్రం మానకండి. పిలిచేటప్పుడు ఆ వరండాలో మీతో కూర్చున్నవాళ్లను, ఫోన్ ఎత్తలేదని మీరు తిట్టుకున్నవాళ్లను ముందు పిలవండి. మిగిలితే రాత్రికే పంచేయండి, పులుసైనా సరే.

ఇంకో కీర్తనతో చేయాలంటే

ఇవే మూడు గొంతులు 30, 40, 107, 118 కీర్తనలకూ సరిపోతాయి. 40కి రెండో గొంతు హెబ్రీయులకు 10:5-7లో సిద్ధంగా ఉంది, వెతుక్కోనక్కర్లేదు. 118లో "ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి" ఉంది. దాన్ని ప్రభువే తన గురించి చెప్పుకున్నాడు (మత్తయి 21:42). చీమకుర్తి చుట్టుపక్కలవాళ్లకు ఆ వచనం నేను వివరించాల్సిన పని లేదు. క్వారీల పక్కన పనికిరావని పడేసిన గ్రానైట్ దిమ్మెలు వాళ్లు రోజూ చూస్తున్నవే.

107 పొడుగైనది, ఒక్క రోజులో అవదు. అందులో నాలుగు గుంపుల సాక్ష్యాలున్నాయి. ఇరవైమూడో వచనం నుంచి ముప్ఫై దాకా ఓడల మీద పోయేవాళ్లది, దానికి మార్కు 4లో తుఫానును జతచేయండి. కొత్తపట్నం, జువ్వలదిన్నె లాంటి రేవుల్లో కూడిక పెడితే ఆ భాగం మీరు చదవకండి. సముద్రం మీదికి వేటకెళ్లి వచ్చినవాళ్లు ఎవరున్నారో చూసి, వాళ్ల చేత చదివించండి.